తెలిసినవారి మౌనము

మన యిండ్లలో గొప్ప కీడేదైన మూడినప్పుడు మొట్టమొదట వినవచ్చు మాట "అంతయు విధివ్రాత" యనునది. ఈ మాట దుఃఖించువారికి గొంత యూరట గలిగించునని మే మెరుగుదుము. ఆ క్షణమున దానిని గాదనుట మా యభిమతము గాదు. కాని కన్నీరారిన తరువాతగూడ నా మాటనే పట్టుకొని కూర్చుండినచో, కీడునకు మూలమైన కారణము చెక్కుచెదరక నిలిచియుండి, మరియొకనాడు మరియొక యింటిని పొట్టబెట్టుకొనును. విధి నెత్తిన మోపబడిన నేరములను విచారించి, అందులో మనుష్యులు చేసినది యెంతయో మనుష్యులకు జూపుట చరిత్రమువలని ప్రయోజనములలో నొకటి. అట్లు విచారింపదగిన నిజమైన కథలు కొన్నిటిని నేడు చదువరుల యెదుట నుంచుచున్నాము.

స్వీడను దేశమును గుస్తావస్ అడాల్ఫస్ అను రాజు పాలించుచుండిన కాలమున, పోలండుతో యుద్ధము జరుగుచుండగా, స్టాక్‌హోము నగరమున 'వాసా' యను యుద్ధనౌక నిర్మింపబడెను. వాసా యనునది యా రాజవంశము పేరు. వంశము పేరు మోయు నౌక గనుక దానికి జరిగిన యలంకారమునకు మితిలేదు. సింహములు, వీరులు, దేవతలు మొదలగు కొయ్యబొమ్మలు వందలకొలదిగా దానిపై జెక్కబడినవి. రెండంతస్తులలో 64 ఫిరంగు లమర్పబడినవి. నిర్మాణమునకు బెద్దయైన హెన్రిక్ హైబర్ట్‌సన్ 1627వ సంవత్సరమున మరణింపగా, పని యతని సహాయకుని చేతికి వచ్చెను. రాజు మాత్రము దూరముననున్న యుద్ధభూమినుండి త్వరపెట్టుచు జాబులు వ్రాయుచునే యుండెను.

ఏ కొలతలకు నౌక నిలుచునో, ఏ కొలతలకు బోర్లపడునో లెక్కగట్టి చెప్పు శాస్త్ర మానాటి కింకను బుట్టలేదు. కాని లెక్క లేకున్నను పరీక్ష కలదు. 1628వ సంవత్సరమున, నౌక బయలుదేరుటకు ముందు, ముప్పదిమంది నావికులను దానిపై నీవలి యంచునుండి యావలి యంచునకు గుంపుగా బరుగెత్తించి చూచిరి. వారు మూడుమారులు పరుగెత్తునప్పటికే నౌక మిక్కిలిగా నూగుచుండెను. అక్కడ నిలిచియున్న నౌకాధిపతి క్లాస్ ఫ్లెమింగు, ఇంకొకసారి పరుగెత్తినచో నౌక రేవులోనే బోర్లపడునని భయపడి, పరీక్షను మాన్పించెను. పరీక్ష నాపినాడు గాని ప్రయాణము నాపలేదు! నౌక యడుగు చాలినంత వెడల్పులేదని సరంగు తన సందేహమును దెలుపగా, కట్టినవాడు ఇంతకుముందును నోడలు కట్టినవాడే గనుక నీకు జింత వలదని యధిపతి చెప్పెనట. ఈ సంగతిని సరంగే పిదప విచారణలో జెప్పెను. సరంగున కంతకుమించి పలుక నోరులేదు. అధిపతికి రాజున కెదురుగా వ్రాయ గుండెలేదు.

ఆగస్టు 10వ తేదీన వాసా బయలుదేరెను. ఒడ్డున జనసమూహము, నౌకలో సిబ్బందియే గాక వారి భార్యలు, బిడ్డలు గొందరు. మర్యాదకై ఫిరంగులు పేల్చుటచే వాని కిటికీలు తెరచియుండెను. మొదటి గాలివిసురునకు నౌక యొరగి, తిరిగి లేచెను. రెండవ విసురున కింకను నొరిగి, క్రింది వరుస కిటికీలనుండి నీరు లోనికి దూకగా, ఒడ్డువారందరు చూచుచుండగనే మునిగిపోయెను. అది సాగిన దూర మించుమించు 1,300 మీటర్లు మాత్రమే. సుమారు ముప్పదిమంది ప్రాణములు గోల్పోయిరి. శత్రువు ఫిరంగి యొక్కటియు బేలలేదు, తుపానును లేదు. చిన్న గాలియే చాలెను.

తరువాత విచారణ జరిగెను. ఫిరంగులు కదలకుండ గట్టియే యుంటిమనియు, ఎవరును ద్రాగియుండలేదనియు నావికులు ప్రమాణము చేసిరి. తమకీయబడిన కొలతల ప్రకారమే కట్టితిమని నిర్మాతలు చెప్పిరి. ఆ కొలతల కంగీకారము దెలిపినవాడో, సాక్షాత్తు రాజే. రాజును దోషి యనువా డెవడు? కడకెవ్వరికిని శిక్షలేక విచారణ ముగిసెను. 333 సంవత్సరములు కడలియడుగున నుండి, 1961వ సంవత్సరమున నీ నౌక పైకెత్తబడి, నేడు స్టాక్‌హోములో బ్రదర్శనశాల యందున్నది. దాని పైభాగము యడుగుభాగము మోయజాలనంత బరువైనదని కొలిచినవారు తేల్చిరి. లోపల దొరికిన వడ్రంగుల కొలబద్దలు గూడ నొక్క తీరువి గావు. కొన్ని 12 అంగుళముల స్వీడను అడుగునకు సంబంధించినవి, కొన్ని 11 అంగుళముల ఆమ్‌స్టర్‌డాము అడుగునకు సంబంధించినవి.

ఇది రాజుల కాలపు భయమనియు, శాస్త్రము పెరిగిన ప్రజాప్రభుత్వములలో నిట్టిది జరుగనేరదనియు గొందరు తలపవచ్చును. ఆ తలంపు సరికాదని చెప్పుటకు మేము చింతించుచున్నాము.

1986వ సంవత్సరము జనవరి 28వ తేదీన అమెరికాదేశపు 'ఛాలెంజరు' వ్యోమనౌక యెగిరిన 73 సెకండ్లకే యాకాశమున ముక్కలయ్యెను. అందున్న యేడుగురును మరణించిరి. వారిలో నొకతె బడిపంతులమ్మ. రాకెట్ల యతుకులలో నుండు రబ్బరు వలయములు చలికి బిగిసి, వేడి వాయువును నిరోధింపజాలకపోవుటయే కారణము. ఈ వలయములవలన బ్రాణహాని కలుగవచ్చునని రాకెట్లు చేసిన కంపెనీలోని రోజర్ బోయిజోలీ యను ఇంజనీరు 1985వ సంవత్సరము జూలైలోనే వ్రాసియుండెను. ప్రయోగమునకు ముందటి రాత్రి, ఇంత చలిలో నెగురవేయరాదని ఆ యింజనీర్లు వాదించిరి గూడ. అప్పుడు జరిగిన విపరీతమును చదువరులు గమనింతురు గాక. ఎప్పుడును "క్షేమమని నిరూపింపుడు" అని యడుగవలసిన పెద్దలు, నాడు "అపాయమని నిరూపింపుడు" అను ధోరణికి దిగిరి. ఇంజనీర్లు నిస్సంశయముగా నిరూపింపలేకపోయిరి. కంపెనీ యధికారులు తమ మాట మార్చుకొనిరి. పిదప విచారణసభలో ఫైన్‌మన్ పండితుడు రబ్బరుముక్కను మంచునీట ముంచి, చలికి దాని సాగుగుణము తగ్గుటను లోకమునకు జూపెను. ఒక గ్లాసెడు చన్నీటితో దేలు నిజమునకు ఏడు ప్రాణములు వెలయయ్యెను.

పదునేడేండ్లకు, 2003వ సంవత్సరము ఫిబ్రవరి 1వ తేదీన, మన దేశమున బుట్టిన కల్పనా చావ్లాతో గూడ నేడుగురు 'కొలంబియా' నౌకలో నట్లే నశించిరి. ఎగురునప్పుడే నురుగుముక్క యొకటి రెక్కకు దగిలినదని యింజనీర్లు చూచిరి. రెక్క ఛాయాచిత్రములు దీయింపుమని కోరిరి. వారి కోరిక పైవారియొద్ద నాగిపోయెను. సంస్థ యదే, గుణపాఠము చెప్పినదియు నదే, మరచినదియు నదే.

ఫలితము దెలిసిన పిదప దప్పు పట్టుట సులభమే గదా యని యాక్షేపింపవచ్చును. నిజమే. ప్రతి భయమును నిజమగునని మేము చెప్పము. కాని మే మెత్తిచూపునది తప్పంచనాను గాదు. అడిగినవాని నోరు మూయించుటను. తప్పు మానవసహజము. దానిని ముందుగా గనిపెట్టిన కంటిని మూయుట మాత్రము మనము నేర్చుకొన్న దురాచారము, మానదగినది.

మానవచ్చునను టకు నిదర్శనమును గలదు. 1974వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన వాషింగ్‌టను సమీపమున నొక విమానము కొండను దాకి, అందున్న 92 మందియు మరణించిరి. దిగుటకిచ్చిన యనుమతిని, ఇంక నెంతైన దిగవచ్చునని పైలట్లు పొరపాటుగా గ్రహించుటయే హేతువు. ఆరువారములకు ముందే వేరొక కంపెనీ విమాన మాచోటనే యట్లే పొరబడి, వెండ్రుకవాసిలో దప్పించుకొనియుండెను. ఆ కంపెనీ తన పైలట్లను హెచ్చరించుకొనెను గాని, ఆ మాట పొరుగు కంపెనీ చెవిని బడలేదు. ఈ దుఃఖమునుండియే 1976వ సంవత్సరమున నొక మంచి యేర్పాటు పుట్టెను. తాము చేసిన తప్పును, తప్పించుకొన్న ప్రమాదమును పైలట్లు తామే వ్రాసి పంపవచ్చును, పేరు తొలగింపబడును, పాఠము మాత్ర మందరికి బంచబడును. దీనిని నడపుచున్నది శిక్షించు శాఖ గాక వేరొక సంస్థ. ఆశ్చర్యమేమనగా, ఛాలెంజరును బంపిన యంతరిక్షసంస్థయే యది. పరుల తప్పులు వినుటకు జెవియొగ్గినవారు తమ యింటి మాటను వినరైరి!

తమ యింటి మాట వినుట యంత కష్టము. అందుచేతనే యీ కథలను ఓడలు నడపువారికి గాక గృహస్థులకు విన్నవించుచున్నాము. రాత్రి ప్రయాణమున గారు నడపు తండ్రి కునుకుచున్నాడని వెనుక గూర్చున్న కూతురు చూచి, కసరునని యూరకుండును. బిడ్డ జ్వరము తీరు బాగులేదని చిన్నకోడలు గ్రహించియు, పెద్దవారి పసరువైద్యమున కడ్డు చెప్పజాలక గడపలో నిలుచుండును. వంటయింట గ్యాసువాసన వచ్చుచున్నదని పనిమనిషి చెప్పగా, నీకేమి తెలియునందుము. మన గౌరవమర్యాదలు మంచివే; అవి పెద్దలకు నమస్కరింపుమని చెప్పుగాక. పెద్దలకు నిజము చెప్పకుమని చెప్పెనేని, అవి మర్యాదలు గావు, వాసా నౌకపై జెక్కిన కొయ్యసింహములు; చూచుటకు ఘనము, మోయుటకు బరువు.

కావున బెద్దలైనవారు తమంతట దామే "నాకు గనబడనిది నీకేమైన గనబడుచున్నదా?" యని చిన్నవారి నడుగవలెను, చెప్పినది పొరపాటైనను గసరుకొనరాదు. ఒకసారి కసరు తిన్న నోరు రెండవసారి తెరవబడదు. ఆ రెండవసారియే ప్రాణమును నిలుపునది కావచ్చును. కీడు జరిగినపుడు విధి నిందించుటకుముందు, ఇది ముందుగా నెవరికి దెలియును, వారేల పలుకలేదని విచారింతము. ఆ మౌనమునకు మనమే కారణమైతిమని తేలినచో, సిగ్గుపడి సవరించుకొందము.