బాలింతల్లో, చంటిబిడ్డల్లో డి విటమిన్ లోపం (కడప జిల్లా)

పాలిచ్చే తల్లి రక్తంలో డి విటమిన్ తగ్గితే పాల మీదే ఆధారపడిన బిడ్డకూ అది చాలదు. ఎండలు మండే ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఈ లోపం ఎక్కడిదని ఆశ్చర్యపోనక్కర్లేదు. తిరుపతిలోని స్విమ్స్ వైద్య సంస్థలో సి.వి. హరినారాయణ్ బృందం జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో పట్టణవాసుల కంటే ఎండలో పొలం పనిచేసే పల్లెవాసులకు డి విటమిన్ మెరుగ్గా ఉంది. రెండుచోట్లా ఆడవారికే తక్కువ. పులివెందుల వైపు చెనక్కాయ చేలలో పనిచేసే స్త్రీకీ, ప్రొద్దుటూరులో మగ్గం ముందు పగలంతా గడిపే స్త్రీకీ ఎండ ఒకేలా అందదు. కాన్పయ్యాక ఇద్దరూ గది పట్టాల్సిందే: చెవుల్లో దూది, తలకు గుడ్డ, మూసిన తలుపులు.

బిడ్డను పొద్దున్నే లేత ఎండకు చూపమంటారు పెద్దవాళ్లు. ఆ వేళ కిరణాలు ఏటవాలుగా పడతాయి గనుక చర్మంలో డి విటమిన్ పుట్టించే అతినీలలోహిత-బి కిరణాలు నేలకు చేరేది స్వల్పం. తిరుపతి పరిశోధనల ప్రకారం అనువైన వేళ ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 2 దాకా. కాస్త ఉత్తరాన ఉన్న కడప జిల్లాలోనూ పెద్ద తేడా ఉండదు. కానీ 40 డిగ్రీలు దాటే వేసవిలో ఆ వేళ పసికందును మిద్దెపై పడుకోబెట్టలేం, పడుకోబెట్టకూడదు కూడా. కిటికీ అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. పథ్యమని పాలు, పెరుగు, గుడ్డు మాన్పిస్తే తల్లికి కాల్షియమూ తగ్గుతుంది. రాగి సంగటిలో కాల్షియం మెండే అయినా అందులోని ఫైటేట్లనే పదార్థాలు కొంత ఒంటబట్టనివ్వవు.

కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన డి విటమిన్ నిల్వ పుట్టిన కొద్ది వారాలకే కరిగిపోతుంది. బిడ్డకు రోజుకు 400 యూనిట్లు కావాలి. సాధారణంగా లీటరు తల్లిపాలలో 80 యూనిట్లైనా ఉండవు. అంతమాత్రాన పాలు మాన్పించడం తెలివితక్కువ పని. మాడు పూడకపోవడం, పళ్లు ఆలస్యంగా రావడం, మణికట్టు ఉబ్బడం, నడక వచ్చాక దొడ్డికాళ్లు, ఇవి ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బు లక్షణాలు. కాల్షియం మరీ పడిపోతే ఫిట్స్ వస్తాయి.

పుట్టినప్పటి నుంచి ఏడాది దాకా రోజూ 400 యూనిట్ల చుక్కలు వేయాలని భారత పిల్లల వైద్యుల సంఘం సిఫారసు. తల్లి రోజుకు 6,400 యూనిట్లు తీసుకుంటే పాల ద్వారానే బిడ్డకు సరిపోతుందని 2015లో అమెరికా పరిశోధకులు చూపారు. ఇది ఇంకా మామూలు వైద్యం కాలేదు. చుక్కల మందులో మిల్లీలీటరుకు 400 యూనిట్లవీ, 800 యూనిట్లవీ అమ్ముతున్నారు, సీసా మారితే మోతాదూ మారుతుంది. పెద్దలకు వారానికొకటి రాసే 60,000 యూనిట్ల మందును బిడ్డకు రోజూ పోస్తే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం వస్తాయి, మూత్రపిండాలూ దెబ్బతినవచ్చు.