1976, పాకిస్తాన్: మలేరియా మందు కొట్టినవారి కథ

రక్తం తాగిన దోమ దగ్గరలోని గోడ మీద వాలుతుంది. ఆ గోడకు ముందే మందు పట్టించి ఉంటే చచ్చిపోతుంది. 1955లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా నిర్మూలనకు పూనుకున్నాక భారత, పాకిస్తాన్ పల్లెల్లో ఇంటింటికీ డీడీటీ కొట్టడం పెద్ద ఎత్తున సాగింది ఈ లెక్కతోనే. డీడీటీ పొడి చర్మం గుండా ఒంట్లోకి అంతగా ఇంకదు. చేత్తో కలిపినా, కారే పంపుతో బట్టలు తడిసినా, అవే బట్టలు మర్నాడు తొడుక్కున్నా ఆ పూటకు ఏమీ అయ్యేది కాదు. ఏళ్లు గడిచేసరికి పని చేసే పద్ధతే అదైపోయింది.

దోమలు డీడీటీకి లొంగకపోవడంతో పాకిస్తాన్ మలాథియాన్‌కు మారింది. ఇది ఆర్గానోఫాస్ఫరస్ మందు. మనుషులకు అంత ప్రమాదం లేనిదని దీనికి పేరు. నిజమే, శరీరంలోని కొన్ని ఎంజైములు దాన్ని త్వరగా విరిచేస్తాయి. కానీ నిల్వలో, ముఖ్యంగా వేడికి, మలాథియాన్ పొడిలో ఐసోమలాథియాన్ పుడుతుంది. అది కాపాడే ఎంజైములనే అడ్డుకుంటుంది. మందు మారినా పాత అలవాట్లు మారలేదు.

1976 జులైలో, దాదాపు 7,500 మంది పిచికారీ పనివారిలో 2,800 మంది విషప్రభావానికి లోనైనట్టు అంచనా. ఐదుగురు చనిపోయారు. కళ్లు మసకబారడం, వాంతులు, కడుపులో మెలిపెట్టడం, తల తిరగడం ఈ విషప్రభావపు లక్షణాలు. పత్తి చేలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కొట్టి ఆసుపత్రి పాలైన తెలుగు కూలీల్లోనూ కనిపించేవి ఇవే. నరాల సంకేతాన్ని ఆపే కోలినెస్టరేజ్ ఎంజైము రెండు చోట్లా దెబ్బతింటుంది.

పరిశోధకులు పనివారి రక్తాన్ని, మందునూ పరీక్షించారు. ఐసోమలాథియాన్ ఎక్కువగా ఉన్న సరుకు వాడినచోటే కోలినెస్టరేజ్ బాగా పడిపోయింది. గాలిలో మలాథియాన్ చాలా తక్కువగా ఉంది. అంటే విషం ప్రధానంగా ఎక్కింది ముక్కుతో పీల్చడం వల్ల కాదు, తడిసిన చర్మం నుంచి. మూతికి గుడ్డ కట్టుకున్నంత మాత్రాన వాళ్లకు రక్షణ దొరికేది కాదు. వాళ్లకు కావలసింది కారని పంపు, పొడి బట్టలు, కడుక్కోవడానికి సబ్బూ నీళ్లూ. దినకూలీకి ఇవి అందేలా చూడవలసింది పని చేయించేవారే.

విషపు సరుకును పక్కనపెట్టి, పనివారికి మళ్లీ శిక్షణ ఇచ్చి, పర్యవేక్షణ పెంచాక కేసులు అదుపులోకి వచ్చాయి. ఆ తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ మలాథియాన్ పొడిలో ఐసోమలాథియాన్ ఎంతకు మించకూడదో తన ప్రమాణాల్లో చేర్చింది.