1937 నిజామాబాద్ మహాసభ: ప్రతినిధి అంటే ఎవరు?



ఈ మధ్య మన పిల్లలకు పిలుపులు ఎక్కువైనయ్. ఏ పార్టీ రాష్ట్ర మహాసభ జరిగినా "మీ తండా నుంచి ఇద్దరు ప్రతినిధులు కావాలె, పేర్లు ఇయ్యండి" అంటున్నరు. పోవాలా వద్దా అని మన గ్రూపులో ఒక్కొక్కరు ఒక్కో మాట అంటున్నరు. నేను ఏ పార్టీ గురించీ చెప్పను. కానీ "ప్రతినిధి" అనే మాటకు మన నిజామాబాద్ టౌన్‌లోనే పెద్ద చరిత్ర ఉంది. అది తెలిసి నిర్ణయం తీసుకుంటే మంచిదని ఈ పోస్టు రాస్తున్న. కొంచెం పొడుగు ఉంటది, ఓపిక పట్టండి.

1937లో నిజామాబాద్‌లో ఆంధ్ర మహాసభ ఆరో సమావేశం జరిగింది. "ఆంధ్ర" అనే పేరు చూసి కొందరికి అనుమానం రావొచ్చు. అప్పట్లో నిజాం రాజ్యంలో ఆ మాటకు తెలుగువాళ్ళు అనే అర్థం. ఇది తెలంగాణ వాళ్ళు తెలంగాణ కోసం పెట్టుకున్న సంస్థ.

దీని మొదలు 1921 నవంబర్‌లో. హైదరాబాద్‌లో వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. మహర్షి కర్వే అధ్యక్షుడు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో మాట్లాడితే అందరూ విన్నరు. అల్లంపల్లి వెంకట రామారావు అనే వకీలు తెలుగులో మొదలుపెట్టంగనే కొందరు గేలి చేసి అల్లరి చేసిండ్రు. ఆ అవమానం తట్టుకోలేక ఆ రాత్రే కొందరు కూచొని ఆంధ్ర జనసంఘం పెట్టిండ్రు. బడిలో గోర్ బోలి మాట్లాడినా, గోండి మాట్లాడినా పక్క బెంచీ వాళ్ళు నవ్విన అనుభవం మనలో చాలా మందికి ఉంది. అందుకే ఆ రాత్రి వాళ్ళకు ఎట్ల అనిపించి ఉంటదో మనకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

ఆ సంఘమే పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. మొదటి సభ 1930లో జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన. తర్వాత దేవరకొండ, ఖమ్మం, సిరిసిల్ల, షాద్‌నగర్. ఆరోది మన నిజామాబాద్. అధ్యక్షుడు మందుముల నరసింగరావు. ఆయన "రయ్యత్" అనే ఉర్దూ పత్రిక నడిపిన మనిషి. రయ్యత్ అంటేనే రైతు. దీంతోపాటే ఆంధ్ర మహిళాసభ కూడా జరిగింది, దానికి నందగిరి ఇందిరాదేవి అధ్యక్షురాలు. ఆ కాలంలో ఆడవాళ్ళు వేదిక ఎక్కి అధ్యక్షత వహించుడు చిన్న సంగతి కాదు.

సభ పెట్టుడు కూడా అల్కగ కాకపోయేది. 1929లో వచ్చిన "గస్తీ నిషాన్ 53" అనే హుకుం ప్రకారం ముందుగాల సర్కారు అనుమతి లేకుండా సభ జరపొద్దు. రాజకీయం అనే మాట వినబడితే అనుమతి పోయినట్టే. అందుకే మొదటి సభల్లో చదువు, గ్రంథాలయాలు, బాల్య వివాహాలు, వితంతు వివాహాలు, వెట్టి, చిన్న వర్తకుల కష్టాలు ఇట్లాంటివే తీర్మానాల్లో ఉండేవి. సంస్కరణ అనే గొంగడి కప్పుకొని రాజకీయం లోపట నడిచింది.

ఇక ప్రతినిధి సంగతి. ఆ రోజుల్ల మహాసభ అంటే ఒక పద్ధతి ఉండె. ఊళ్ళో ఆహ్వాన సంఘం పందిరి, బస, భోజనం చూసుకునేది. లోపల రెండు రకాల జనం. చూడ్డానికి వచ్చిన ప్రేక్షకులు ఒక దిక్కు, చెయ్యెత్తి ఓటు వేసే హక్కు ఉన్న ప్రతినిధులు ఇంకో దిక్కు. ముందు విషయ నిర్ణయ సభలో తీర్మానాల మాటలు ఖాయం చేస్తరు, తర్వాత బహిరంగ సభలో పెడతరు. అసలు గొడవ, బేరం, గెలుపోటములు అన్నీ ఆ చిన్న గదిలోనే. బయట మైకు ముందు మనం చూసేది చివరి ఘట్టం మాత్రమే. ఇప్పటి పార్టీల్లో కూడా ఈ నడక పెద్దగ మారలేదు.

దేశంలో కాంగ్రెస్ అయితే 1920 నాగపూర్ సభలో లెక్క కూడా పెట్టుకుంది. 50,000 జనాభాకు ఒక ప్రతినిధి, సభ్యత్వం నాలుగణాలు. అంటే ప్రతినిధి వెనక కనబడని 50,000 మంది నిలబడి ఉన్నట్టు. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడతది.

ఇప్పుడు అదే 1937లో బోధన్ దిక్కు చూద్దాం. మంజీర మీద నిజాంసాగర్ 1931 నాటికి పూర్తయింది. కాలువ నీళ్ళు వచ్చినయ్, చెరుకు వచ్చింది. 1937లోనే నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. శక్కర్‌నగర్ లేచింది. నీళ్ళున్న భూమి కొనడానికి కోస్తా నుంచి రైతులు వచ్చి బోధన్, వర్ని, కోటగిరి దిక్కు క్యాంపులు కట్టుకున్నరు. ఇప్పటికీ ఆ ఊర్ల పేర్ల వెనక "క్యాంప్" అని ఉంటది. మా దాదా తరం వాళ్ళు వేరే వాళ్ళ పొలాల్లో చెరుకు నరికి, కట్టలు కట్టి, బండ్లకు ఎత్తినోళ్ళు. చక్కెర ఎంత తియ్యగ ఉన్నా చెరుకాకు కోసిన చేతులకు మంటే అని మా యాడి ఇప్పటికీ అంటది.

ఒకే ఏడాది, ఒకే జిల్లా. ఒక దిక్కు పందిరి కింద ప్రతినిధులు, ఇంకో దిక్కు కొత్త ఫ్యాక్టరీ. ఈ రెండింటి నడుమ తండా ఎక్కడ ఉంది? మహాసభ నాయకత్వం అప్పటికి ఎక్కువగా వకీళ్ళు, పత్రికల వాళ్ళు, చదువుకున్న భూస్వాములది. వాళ్ళు చేసిన మేలును తక్కువ చెయ్యొద్దు, తెలుగు బడి కోసం, గ్రంథాలయం కోసం కొట్లాడిన్రు. కానీ వెట్టి మీద తీర్మానం చేసే చేతుల్లో వెట్టి చేసిన చేతులు ఎన్ని అని అడిగితే జవాబు కష్టం.

ఇంకో మాట. నిజామాబాద్ మీదుగా పోయే హైదరాబాద్–మన్మాడ్ రైలు వచ్చినంక దూరం ఊర్ల మనుషులు సభలకు వచ్చుడు సులువైంది. అదే రైళ్ళు, రోడ్లు మన తాతల బతుకు మార్చేసినయ్. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా తిరిగిన లంబాడీల బిడారు వ్యాపారం వాటితోనే పడిపోయింది. తిరిగెటోళ్ళు తండాలు వేసుకొని కూలికి, పశువులకు, పోడుకు దిగిన్రు. అట్లని మనకు ప్రాతినిధ్యం అంటే తెలియక కాదు. తండాలో నాయక్ ఉండె, కారభారి ఉండె, పంచాయతీ కూచుంటే అందరి ముందర మాట తేలేది. ఆ మాట తండా దాటి మహాసభ పందిరి దాకా పోయే దారి మాత్రం లేకపాయె.

ఆ దారి ఏడేళ్ళ తర్వాత తెరుచుకుంది. 1941 చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షుడు. 1944లో భువనగిరి సభ, దానికీ ఆయనే. అక్కడ సభ్యత్వ రుసుం రూపాయి నుంచి నాలుగణాలకు తగ్గించిండ్రు. వినడానికి చిన్న మార్పు. కానీ రూపాయి పెట్టలేనోడు నాలుగణాలు పెట్టగలడు. మితవాదులు విడిపోయిండ్రు, కానీ పల్లెల్లో పాలేరు, కౌలుదారు, గొర్లకాపరి సభ్యులైండ్రు. మహాసభ ఊళ్ళల్ల "సంఘం" అయింది. తీర్మానం కాగితం మీది నుంచి దిగి గడీ ముందరికి వచ్చింది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిండు. జనగామ దిక్కు ధర్మాపురం తండా వాళ్ళు తమ భూమి కోసం సంఘంతో కలిసి నిలబడిండ్రు. ఆ తండా బిడ్డ జాటోతు ఠాను నాయక్ 1950లో అమరుడైండు. నిజామాబాద్ పందిరిలో దొరకని చోటు ఆయన పొలం గట్టు మీద సంపాదించిండు.

మన టౌన్ ఖిల్లా జైలు కూడా ఈ కథలో ఉంది. నిజాంకు ఎదురు తిరిగినందుకు దాశరథి, వట్టికోట ఆళ్వారుస్వామి ఆ గోడల నడుమనే ఖైదు ఉన్నరు. పందిరి, జైలు రెండూ ఒకే ఊరిలో ఉన్నయ్. మాట్లాడిన వాళ్ళకు ఆ రోజుల్ల రెంటి మధ్య దూరం ఎక్కువ ఉండకపోయేది.

తర్వాత మనకు హక్కులు వచ్చినయ్, కానీ ఎంత ఆలస్యంగా వచ్చినయో చూడండి. తెలంగాణ లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతో. 500 జనాభా దాటిన తండాలు, గూడేలు సొంత గ్రామ పంచాయతీలు అయింది 2018 చట్టంతో, 2019 జనవరిలో మొదటి ఎన్నికలు. నేను మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటోన్ని. ఈ తారీకుల్లో ఒక్కటి ఇంకో పదేళ్ళు వెనక్కి జరిగితే నేను హాస్టల్ గదిలో కూచొని ఇది రాసేటోన్ని కాకపోదును.

మరి బోధన్ ఫ్యాక్టరీ? 2002లో ఎక్కువ వాటా ప్రైవేటుకు పోయింది. 2015 డిసెంబర్‌లో లేఆఫ్ ప్రకటించి మూసిండ్రు. "తెరిపిస్తం" అనే మాట ప్రతి ఎన్నికలో వింటున్నం. చెరుకు వేసే రైతు మాట, జీతాలు ఆగిన కార్మికుని మాట మాత్రమే కాదు, నరికే కూలీ మాట కూడా అందులో ఉండాలె. ఎవరు చెప్పాలె? పిలిచింది మనల్నే కదా.

అందుకే నా అభిప్రాయం ఇది. పోవొద్దు అని నేను అనను. 1937లో మనోళ్ళకు లేని చోటు ఇప్పుడు ఇస్తామంటే కాళ్ళతో తన్నుకోవద్దు. కానీ పోయేముందు మూడు అడగండి.

ఒకటి: నన్ను ఎవరు పంపిండ్రు? మండల నాయకుడు పేరు రాసుకుంటే నేను ఆయన మనిషిని. తండాలో నలుగురు కూచొని పంపితే నేను తండా ప్రతినిధిని.

రెండు: నా చేతిలో కాగితం ఏముంది? పోడు పట్టాలు, హాస్టల్ మెస్ చార్జీలు, బస్సు, చెరుకు కూలి, ఏదైనా సరే, రాసుకొని పోవాలె. విషయ నిర్ణయ గదిలోకి పోకున్నా, పోయేటోళ్ళ చేతిలో అది పెట్టి రావాలె.

మూడు: తిరిగొచ్చినంక ఎవరికి లెక్క చెప్తా? మెడలో బ్యాడ్జీతో ఫోటో స్టేటస్ పెట్టుడు లెక్క చెప్పుడు కాదు. తండా సేవాలాల్ గుడి కాడ నిలబడి, ఏం అడిగిన, ఏం జవాబిచ్చిండ్రు అని చెప్పుడే లెక్క.

ఈ మూడింటికీ జవాబు లేకుండ పోతే మనం ప్రేక్షకులమే, కుర్చీ ముందు వరుసలో ఉన్నా సరే. జవాబు ఉంటే మన వెనక కనబడని తండా అంతా నిలబడి ఉన్నట్టు.

మీ తండాలో, గూడెంలో సంఘం రోజుల సంగతులు, ఫ్యాక్టరీ కూలి సంగతులు చెప్పగల ముసలోళ్ళు ఉంటే ఇప్పుడే ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. పుస్తకాల్లో వాళ్ళ పేర్లు లేవు. వాళ్ళు పోతే అడగడానికి ఇంకెవరూ ఉండరు.

జై సేవాలాల్. జోహార్.