అండమాన్ దీవులలో దుంపలు: ఆహారమూ, విషమూ

పోర్ట్ బ్లెయిర్ పట్టణానికి 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చారు. అక్కడి అబర్డీన్ బజారులో బంగాళాదుంపను తిప్పి చూచి కొనడం మంచిది. అది ఈ నేలలో పండినది కాదు. రాత్రులు చల్లబడనిదే ఆ దుంప సరిగా ఊరదు; ఈ దీవులలో రాత్రులు అంతగా చల్లబడవు. అందుచేత సుమారు 1,200 కిలోమీటర్ల దూరాన ఉన్న ప్రధాన భూభాగం నుండి అది ఓడలో వస్తుంది. బంగాళాదుంప వేరు కాదు, భూమిలో దాగిన కాండం. కనుకనే వెలుతురు తగిలితే పచ్చబడుతుంది. ఆ పచ్చదనం స్వయంగా విషం కాదు, విషానికి గుర్తు. పచ్చబడిన తొక్కలో, మొలకల మొదళ్ళలో సొలనిన్ అనే విషపదార్థం పేరుకొంటుంది. ఉడికించినా అది పోదు. ఉమ్మెత్త కుటుంబానికి చెందిన ఈ మొక్కలో ఆకు, పువ్వు, చిన్న టమాటాను పోలిన కాయ తినరానివే.

ఏ మొక్కలో ఏ భాగం తినవచ్చునో తెలియడం కూడా చరిత్రే. ఈ దీవుల చరిత్రలో ఆ తెలివి ప్రాణాలకు సంబంధించిన విషయమైంది. 1858 మార్చి 10న జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో ఇక్కడ దిగాడు. కొద్ది నెలలలోనే వందలాది ఖైదీలు అడవిలోకి పారిపోయారు. ఆకలికి తాళలేక కొందరు తిరిగి వచ్చారు. చేతికి చిక్కినవారిలో ఎనభై మందికి పైగా వాకర్ ఉరితీయించాడు. వారిని ఆకలికి గురిచేసిన ఆ అడవిలోనే అండమాన్ స్త్రీలు కర్రతో దుంపలు త్రవ్వి కుటుంబాలను పోషించేవారు.

1906-08 మధ్య ఇక్కడ పరిశోధించిన రాడ్‌క్లిఫ్ బ్రౌన్ 1922లో ప్రచురించిన గ్రంథంలో ఒక నిషేధాన్ని వివరించాడు. అడవి పెండలాలు, జీలుగు జాతి చెట్టు మొవ్వు, గిల్లతీగ గింజలు బిలికు అనే దేవతకు చెందినవి. వాటిని ముట్టుకొంటే ఆమె ఆగ్రహించి తుపాను పంపుతుంది. దక్షిణాన ఇదే శక్తిని పులుగా అన్నారు. మా వంటి అధికారుల నివేదికలలో ఇటువంటివి మూఢనమ్మకాల కింద చేరిపోతాయి. నాకు మాత్రం ఇందులో ఒక పంచాంగం కనబడుతుంది. ఊరీ ఊరని దుంపను త్రవ్వితే ఈ ఏటికీ చాలదు, వచ్చే ఏటికీ మిగలదు. గిల్లతీగ గింజలోని సపోనిన్లు పోవాలంటే దానిని కాల్చి, నానబెట్టి తినాలి. ఇది మనకు కొత్త కాదు. గోదావరి కొండలలో కొండరెడ్లు జీలుగు మొవ్వు తింటారు. చేదు దుంపలను ముక్కలు చేసి పారే నీటిలో ఉంచి విషం తీస్తారు. 1922-24 మన్యం పోరాటంలో పట్టుబడి అండమాన్‌కు వచ్చిన ఖైదీలు అటువంటి అడవులనుండి వచ్చినవారే.

1942 మార్చిలో జపాను సైన్యం దీవులను ఆక్రమించింది. బియ్యం ఓడలు రాక, ప్రజల చేత కర్రపెండలం, చిలగడదుంప వేయించారు. కర్రపెండలం పచ్చిగా తింటే సైనైడు పుడుతుంది. చేదు రకాలను తురిమి, నానబెట్టి, ఎండబెట్టాలి. అయినా తిండి చాలలేదు. 1945 ఆగస్టులో, పంటలు వేసుకోవడానికి కొత్త దీవికి తీసుకువెళ్తామని నమ్మించి వందలాది పౌరులను ఓడలెక్కించి, హేవ్‌లాక్ తీరాన సముద్రంలోకి నెట్టారు.

ఇక బిలికు పంచాంగాన్ని పాటించినవారి సంగతి. 1901 జనగణనలో 625 మందిగా లెక్కతేలిన గ్రేట్ అండమానీయులు 1961 నాటికి 19 మంది మిగిలారు. తరువాత వారిని స్ట్రెయిట్ దీవిలో స్థిరపరచి, ప్రభుత్వమే బియ్యం, పప్పు అందిస్తూ వచ్చింది. బిలికు పేరు పలికిన ఉత్తర భాషలలో ఒకటైన బో మాట్లాడగల చివరి స్త్రీ 2010లో కన్నుమూసింది.