స్టూడియో మానిటర్ల అమరిక
రికార్డయిన శబ్దాన్ని మెరుగులు దిద్దకుండా ఉన్నదున్నట్టు వినడానికి సౌండ్ ఇంజనీర్లు వాడే స్పీకర్లను మానిటర్లు అంటారు. రెండు స్పీకర్లూ, వినేవారి తలా సమబాహు త్రిభుజపు మూడు శీర్షాల్లో ఉండేట్టు అమర్చి, హెచ్చు పౌనఃపున్య ధ్వనులను పలికించే ట్వీటరును చెవి ఎత్తున, అంటే కూర్చున్నవారికి సుమారు 1.2 మీటర్ల దగ్గర నిలపడం పరిపాటి.

చిక్కంతా వెనుక గోడతోనే వస్తుంది. స్పీకరు నుంచి వెనక్కి వ్యాపించిన మంద్రధ్వని గోడకు తగిలి తిరిగివచ్చి నేరుగా వెలువడే తరంగంతో కలుస్తుంది. గోడకున్న దూరం తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతయినచోట రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి కనుక, 1 మీటరు దూరంలో దాదాపు 86 హెర్ట్జ్ వద్ద శబ్దం సన్నగిల్లుతుంది. ఈ లోటును ఈక్వలైజరుతో పూడ్చబోవడం వృథా, ఎందుకంటే పెంచినకొద్దీ ప్రతిఫలనమూ పెరుగుతుంది. అందువల్ల చిన్న గదుల్లో స్పీకరును గోడకు బాగా దగ్గరగా జరిపి, దానివల్ల హెచ్చే మంద్రాన్ని వెనుకనున్న స్విచ్చుతో తగ్గించడం మేలు. పెద్ద స్టూడియోల్లో మానిటరును గోడలోనే పొదుగుతారు.

1978లో వచ్చిన తెల్లకోను యమహా ఎన్‌ఎస్-10ను మిక్సింగ్ కన్సోలు మీటర్ల గట్టుపై అడ్డంగా పడుకోబెట్టే అలవాటు విస్తరించింది గానీ, కన్సోలు పైతలం నుంచి ప్రతిఫలించే శబ్దం స్పష్టతను చెడగొడుతుంది కాబట్టి, కన్సోలు వెనుక బరువైన స్టాండ్లపై ఫోమ్ లేదా రబ్బరు దిమ్మెలు వేసి నిలపడమే ఉత్తమం.