వారాలన్నం నుంచి విద్యార్థి వేతనం దాకా

గురజాడ అప్పారావు 1862లో ఎస్. రాయవరంలో, మేనమామ ఇంట పుట్టారు. తండ్రి పోయాక విజయనగరం చేరిన ఆ కుర్రవానికి మహారాజా కళాశాల ప్రిన్సిపాల్ చంద్రశేఖర శాస్త్రి కూడూ నీడా ఇచ్చారు. 1884లో ఎఫ్.ఏ. కాగానే 25 రూపాయల జీతానికి బడిపంతులైనారు; బి.ఏ. పట్టా 1886లోగాని చేతికి రాలేదు.

శాస్త్రిగారి దయ గొప్పదే. కాని దయ ఒకరికి దొరుకుతుంది, పదిమందికి దొరకదు. వారాలు చేసుకొని చదివే రోజుల్లో అన్నం పెట్టే ఇల్లు ముందు కులం అడిగేది. రైతు శిస్తుతో నిలిచిన జమీందారీ కళాశాలలో ఆ రైతు బిడ్డకు చోటెంత?

దయ హక్కుగా మారడానికి పోరాటం కావలసివచ్చింది. అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో ఉండగా, 1944లో, షెడ్యూల్డు కులాల కాలేజీ విద్యార్థులకు వేతనాలు మొదలైనాయి. 2008లో ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతులకూ ఫీజుల చెల్లింపు వచ్చింది.

హక్కు వెంట నిబంధనలూ వచ్చాయి: ఆదాయ ధ్రువపత్రం, 75 శాతం హాజరు. ప్రజాధనానికి లెక్క చెప్పడం విద్యార్థి బాధ్యతే; కాదనలేం. కాని ఈ నిబంధనలు తండ్రి పోషణలోని కుర్రవాణ్ణి చూసి రాసినవి. పగలు పనిచేసి రాత్రి చదివే ముప్పై ఏళ్ల మనిషి వాటిలో ఇమడడు. 1982లో హైదరాబాదులో వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయం అతనికి తలుపు తెరిచింది. 2020లో అమలైన విద్యా దీవెన దూరవిద్యను మినహాయించింది.

పంతులుపని చేస్తూ పట్టా పుచ్చుకొన్న గురజాడను మనం ఏటా స్మరిస్తాం. రాయవరంలో నేడు అదే పని చేసే మనిషికి సాయం ఏ పద్దు కింద రాస్తాం?