ఓడెక్కి తిరిగిన పుస్తకాలు
చదివేసిన పుస్తకాన్ని బీరువాలో దాచకుండా లోకం మీదకి వదిలేద్దాం అంటూ అమెరికాలో రాన్ హార్న్‌బేకర్ 2001లో బుక్‌క్రాసింగ్ మొదలుపెట్టాడు. ప్రతి పుస్తకానికీ ఓ నంబరు. దొరికినవాళ్ళు చదివి, ఆ నంబరు కింద నాలుగు ముక్కలు రాసి, మళ్ళీ వదిలేయాలి.

పార్కు బెంచీ మీద వదిలితే ఎవరికి చిక్కుతుందో తెలీదు కదా! అందుకని కొందరు వరస రాసుకుని పోస్టులో పంపుకోసాగారు. అదే బుక్‌రింగ్. చదివినవాళ్ళు సొంత ఖర్చుతో తర్వాతివాళ్ళకి పంపాలి. చివరికది సొంతదారుకి చేరాలి. మా సాఫ్ట్‌వేర్ భాషలో సర్క్యులర్ లింక్డ్ లిస్టన్నమాట. మధ్యలో ఒక్కరు బద్ధకించినా గొలుసు తెగిపోతుంది. హామీపత్రాలేం ఉండవు, నమ్మకమే.

ఆ నమ్మకానికి చవక టపా తోడుండేది. నెలలు పట్టినా ఓడలో పంపితే ఖర్చు తక్కువ. అమెరికా తపాలా శాఖ 2007 మేలో విదేశాలకి ఓడ టపా ఆపేసింది. విమానంలోనేమో చాలాసార్లు పుస్తకం కన్నా స్టాంపులే ఖరీదు. ఇచ్చే మనసొక్కటే చాలదు మరి!